ఆల్గే నుంచి బయోడీజిల్ చేయించి నేర్పే చోటు: చెన్నైలో మేం చూసింది

చెన్నై పాలవాక్కంలో, ఈస్ట్ కోస్ట్ రోడ్డు నుంచి సముద్రం వైపు తిరిగే ఒక వీధిలో, ఒక మేడ మీద చిన్న ల్యాబ్ నడుస్తోంది. శని, ఆదివారాల్లో అక్కడ మైక్రోఆల్గేని (కంటికి విడిగా కనిపించనంత చిన్న నాచును) పెంచడం, నీళ్లలోంచి వేరుచేయడం, నూనె తీయడం, ఆ నూనెను బయోడీజిల్‌గా మార్చడం మన చేతులతోనే చేయించి నేర్పుతారు. మనిషికి 6,500 రూపాయలు, మధ్యాహ్నం భోజనం అందులోనే. మా చిన్నాయనా నేనూ కలిసి వెళ్లొచ్చాం. ఆల్గే ఆయిల్ పేరు చెప్పి మిమ్మల్ని ఎవరైనా పెట్టుబడి అడుగుతుంటే, అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ శిక్షణకు వెళ్లి రండి అని గట్టిగా చెప్తాను. లోపాలు కూడా ఉన్నాయి, వాటినీ రాస్తాను. నడిపేవాళ్లు తమ పేరు బయట పెట్టవద్దన్నారు. బ్యాచ్‌కి ఎనిమిది మందిని మించి తీసుకోలేరు, వచ్చే ఫోన్లన్నిటికీ జవాబు చెప్పే మనుషులు లేరు. కావలసినవాళ్లు అడిగితే విడిగా చెప్తాను.

నాది నెల్లూరు జిల్లా. ఆక్వాకల్చర్ చదివి, మరక్కాణం వైపు ఒక రొయ్య పిల్లల హ్యాచరీలో ఆల్గే సెక్షన్ చూసుకున్నాను. పెళ్లయ్యాక వేళచ్చేరికి మారాం. హ్యాచరీలో ఆల్గే అంటే పిల్లకు తిండి. పిల్ల తొలి దశల్లో ఒకటైన జోయియాలో కీటోసెరాస్ అనే ఆల్గే సరిపడా అందకపోతే తెల్లారేసరికి ట్యాంకులో పిల్ల ఉండదు. అర్ధరాత్రి లేచి హీమోసైటోమీటర్ మీద కణాలు లెక్కపెట్టడం, కార్బాయ్ (ఆల్గే పెంచే పెద్ద సీసా) రంగు చూసి అందులో పెరిగే కల్చర్ ఎన్ని గంటల్లో చచ్చి పడిపోతుందో చెప్పడం నాకు బాగా అలవాటైన పనులు. అదే ఆల్గేని నూనె కోసం పెంచితే లెక్క ఎలా మారుతుందో మాత్రం నాకు తెలియదు.

ఆ లెక్క అవసరం చిన్నాయన వల్ల వచ్చింది. ఇందుకూరుపేట వైపు ఆయనకు రొయ్యల గుంటలున్నాయి. కౌంటుకు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్కకు) తగ్గ ధర లేక, మేత ధర పెరిగి, రెండు గుంటలు ఎండగట్టి ఉన్నాడు. ఒకాయన ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి, ఆ ఖాళీ గుంటల్లో ఆల్గే పెంచితే ఎకరానికి ఏడాదికి 55 వేల లీటర్ల నూనె వస్తుంది, విత్తనం మేమిస్తాం, నూనె మేమే కొంటాం, ముందు ఎకరానికి ఇంత కట్టండి అన్నాడట. చిన్నాయన నాకు ఫోన్ చేశాడు. "ఏమ్మే, నువ్వు ఆ పచ్చనీళ్లతోనే గదా ఉద్యోగం చేసింది. ఇది అయ్యే పనేనా?" పిల్ల తిండి సంగతి నాకు తెలుసు చిన్నాయనా, నూనె సంగతి తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకుందాం రా అని పిలిచాను.

నేర్పేది ఇద్దరు. ఒకావిడ ఆల్గే మీదే పరిశోధన చేసిన బోటనీ మనిషి, ఇంకొకాయన కెమికల్ ఇంజనీరు. పాఠం తమిళం, ఇంగ్లిషు కలిపి సాగుతుంది. ఆవిడకు తెలుగు బాగానే వచ్చు, చిన్నాయన కోసం ముఖ్యమైన మాటలు మళ్లీ తెలుగులో చెప్పింది. మాతోపాటు ఇద్దరు ఎంఎస్సీ పిల్లలు, అంబత్తూరులో బాయిలర్లు నడిపే ఒక పెద్దాయన, తడ నుంచి వచ్చిన ఒక కుర్రాడు. ఆల్గే మీద శాస్త్రం మన దేశంలో మొలకెత్తిందే ఈ ఊళ్లో. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎం.ఓ.పి. అయ్యంగార్, ఆయన శిష్యుడు టి.వి. దేశికాచారి చేసిన పని మీదే తర్వాతి తరాలు నిలబడ్డాయి. ఆవిడ ఆ సంగతి ఎంతో గౌరవంగా, క్లుప్తంగా చెప్పి, వెంటనే మమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్లింది. ఆ పద్ధతి నాకు నచ్చింది. స్లైడ్లు చూపించడం తక్కువ, నీళ్లలో చెయ్యి పెట్టడం ఎక్కువ.

డాబా మీద రెండు ఫైబర్‌గ్లాస్ రేస్‌వే ట్యాంకులు ఉన్నాయి. కోలగా, మధ్యలో గోడ, ఒక పక్క నీళ్లను తిప్పే ప్యాడిల్ వీల్. లోతు జానెడుకు కొంచెం ఎక్కువ, అంతే. అంతకంటే లోతు పెడితే అడుగుకు వెలుగు చేరదు. ఒకదాంట్లో మంచినీటి క్లోరెల్లా అనే ఆల్గే, ఇంకోదాంట్లో సముద్రపు నీళ్లలో నానోక్లోరోప్సిస్ అనే మరో రకం. క్లోరెల్లా ట్యాంకు చిక్కటి ఆకుపచ్చలో ఉంది. నురగ లేదు, వాసన శుభ్రంగా ఉంది. ఆ కల్చర్ ఆరోగ్యం మీద నాకు అనుమానం లేకపోయింది. చిన్నాయన కూడా దోసిట్లోకి తీసుకుని చూసి, "ఇంత చిక్కగా ఉందంటే నూనె బాగానే ఉంటుంది" అన్నాడు.

అక్కడి నుంచే అసలు పాఠం మొదలైంది. ఆవిడ ఆ ట్యాంకు నుంచి సరిగ్గా ఒక లీటరు తీయించి, ముందే తూచి పెట్టిన ఫిల్టర్ పేపర్ మీద వడకట్టించి, ఓవెన్‌లో ఆరబెట్టించి, మళ్లీ మా చేతే తూయించింది. త్రాసు మీద అంకె చిన్నాయన చేతే చదివించింది. అర గ్రాము కూడా నిండలేదు. "ఇంత పచ్చనీళ్లలో ఇంతేనా?" అని ఆయన మళ్లీ మళ్లీ అడిగాడు. బయటి గుంటల్లో లీటరుకు అర గ్రాము పొడి బరువు ఉంటే అది మంచి కల్చరే. కంటికి చిక్కగా కనిపించేదంతా రంగు. నేను హ్యాచరీలో రోజూ మిల్లీలీటరుకు ఇన్ని లక్షల కణాలని రాసుకునేదాన్ని. గ్రాముల్లో ఎప్పుడూ చూడలేదు, చూడాల్సిన అవసరం రాలేదు. నూనె బేరానికి మాత్రం గ్రాములే కావాలి.

ఆ తర్వాత బోర్డు మీద వేసిన లెక్క నేను నోటుబుక్కులో రాసుకొచ్చాను. వెయ్యి లీటర్ల నీళ్లలో అర కిలో ఆల్గే. వేరుచేసేటప్పుడు కొంత పోగా 400 గ్రాములు. క్లోరెల్లాలో నూనె 20 నుంచి 25 శాతం అనుకుంటే 80 నుంచి 100 గ్రాములు. అందులోనూ డీజిల్‌గా మారేది కొంత భాగమే, కణాల పొరల్లో ఉండే కొవ్వులు, రంగు పదార్థాలు లెక్కలోంచి పోతాయి. చివరికి వెయ్యి లీటర్ల పచ్చనీళ్ల నుంచి ఒక టీ గ్లాసుడు బయోడీజిల్. అంబత్తూరు పెద్దాయన పెన్ను కిందపెట్టి, నా బాయిలర్ అర నిమిషం కూడా మండదు అన్నాడు.

ఎకరం లెక్క కూడా అలాగే వేశారు. బయటి గుంటలో చదరపు మీటరుకు రోజుకు 15 గ్రాములు నిలకడగా వస్తే బాగా పండినట్టే. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, కాబట్టి రోజుకు 60 కిలోల పొడి ఆల్గే, అందులో 20 శాతం నూనె అంటే 12 కిలోలు, దాదాపు 13 లీటర్లు. ఏడాదిలో 300 రోజులు ఆటంకం లేకుండా పండినా 4 వేల లీటర్లు. చిన్నాయనకు చెప్పిన అంకె 55 వేలు.

ఆ 55 వేలు ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడ వెంటనే చూపించింది. న్యూజిలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన యూసుఫ్ చిస్తీ 2007లో ఒక సమీక్షా వ్యాసం రాశారు. ఏ పంట నుంచి హెక్టారుకు ఎంత నూనె వస్తుందో పోల్చే పట్టిక ఒకటి అందులో ఉంది. సోయా 446 లీటర్లు, జట్రోఫా 1,892, ఆయిల్‌పామ్ 5,950. మైక్రోఆల్గేకు రెండు వరసలు: 30 శాతం నూనె ఉంటే 58,700 లీటర్లు, 70 శాతం ఉంటే 1,36,900. ఆ చివరి అంకెను ఎకరానికి మారిస్తే 55 వేలు దాటుతుంది. ఒళ్లంతా 70 శాతం నూనె నింపుకుంటూ, అదే సమయంలో గరిష్ఠ వేగంతో పెరిగే ఆల్గే ఏ గుంటలోనూ ఉండదు. పట్టికలో తప్పు లేదు. అందులోంచి ఒక్క అంకెను పీకి రైతు ముందు పెట్టడంలో తప్పుంది. చిన్నాయన ఆ పట్టికను ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. 4 వేల లీటర్లు కూడా తక్కువేం కాదని చెప్పాలి, అదే పట్టికలో ఆయిల్‌పామ్‌కు ఎకరానికి పడేది 2,400. అయితే పామ్ గెలను కత్తితో కోసి బండిలో వేసుకుంటాం. ఆల్గేని లీటరుకు అర గ్రాము చొప్పున నీళ్లలోంచి ఏరుకోవాలి.

ఆ ఏరుకోవడం మీద సగం రోజు గడిపారు, అదే ఈ శిక్షణలో అన్నిటికంటే గట్టి భాగం. మూడు బకెట్లు పెట్టి, ఒకదాంట్లో పటిక, ఒకదాంట్లో కైటోసాన్, ఒకదాంట్లో కాస్టిక్ సోడాతో పీహెచ్ పెంచడం, ఏది ఎంతసేపట్లో పేరుకుంటుందో మేమే చూశాం. కైటోసాన్ రొయ్య పెంకుల నుంచే తీస్తారని తెలిసి చిన్నాయన ముందుకు జరిగి కూర్చున్నాడు. మంచినీటి క్లోరెల్లాలో అది చక్కగా పనిచేసింది. ఉప్పునీటి నానోక్లోరోప్సిస్‌లో సరిగా పట్టలేదు, ఉప్పు దాని శక్తిని తగ్గిస్తుందట. పటిక రెండింట్లోనూ పట్టింది, కానీ ఆ అల్యూమినియం ముద్దలోనే ఉండిపోతుంది, నూనె తీశాక మిగిలిన పిండిని మేతకు వాడాలంటే అది అడ్డం. సెంట్రిఫ్యూజ్ శుభ్రమైన ముద్ద ఇస్తుంది, కరెంటు తింటుంది. ఏ ఒక్కటీ మంచిదని వాళ్లు అమ్మజూపలేదు. ఒక్కోదాని ఖర్చూ, అది మిగిల్చే తలనొప్పీ పక్కపక్కన పెట్టి వదిలేశారు.

ఇక ఆరబెట్టడం. ఇంజనీరు గారు ఇక్కడ చేసిన లెక్క విన్నాక, ఎవరు ఆల్గే ప్లాంటు గురించి చెప్పినా నేను మొదట అడిగే ప్రశ్న మారిపోయింది. సెంట్రిఫ్యూజ్ నుంచి వచ్చిన ముద్దలో 20 శాతం ఆల్గే, 80 శాతం నీళ్లు. ఒక కిలో పొడి కావాలంటే నాలుగు కిలోల నీళ్లు ఆవిరి చేయాలి. దానికి ఎంత తక్కువ వేసుకున్నా రెండున్నర యూనిట్ల శక్తి పడుతుంది. ఆ కిలో పొడిలోంచి వచ్చే 200 గ్రాముల నూనెలో ఉన్న శక్తి రెండు యూనిట్లు. అంటే హీటర్ పెట్టి ఆరబెడితే నూనె ఇచ్చేదానికంటే ఎక్కువే ఖర్చవుతుంది. ఎండలో ఆరబెట్టొచ్చు, మన దగ్గర ఎండకు కొదవ లేదు. అయితే నెమ్మదిగా ఆరేకొద్దీ నూనె విరిగి ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు పెరుగుతాయి, డీజిల్‌గా మార్చేటప్పుడు అవి సబ్బు కడతాయి. అందుకే తడి ముద్ద నుంచే నేరుగా నూనె తీసే పద్ధతుల మీద, తడి ముద్దను ఎక్కువ వేడి, ఒత్తిడిలో ముడి చమురులా మార్చే పద్ధతి మీద ఇప్పుడు పరిశోధన నడుస్తోందని చెప్పారు.

ఆదివారం పొద్దున మైక్రోస్కోపు దగ్గర గడిచిన సమయం కోసమైనా నేను మళ్లీ డబ్బు కడతాను. నైట్రోజన్ బాగా ఇచ్చి పెంచిన క్లోరెల్లా ఒక స్లైడు, కొన్నాళ్లు నైట్రోజన్ ఆపేసిన క్లోరెల్లా ఇంకో స్లైడు. రెండింటికీ నైల్ రెడ్ అనే రంగు వేసి ఫ్లోరసెన్స్ కింద పెట్టారు. మొదటిదాంట్లో కణాలన్నీ ఎర్రగా, అది పత్రహరితం మెరుపు. రెండోదాంట్లో ప్రతి కణంలోనూ పసుపుపచ్చటి నూనె చుక్కలు, కొన్ని కణాల్లో సగం నిండా. ఇన్నేళ్లు ఆల్గేతో బతికి, కణంలో నూనెను ఇలా కళ్లారా చూడడం నాకు అదే మొదలు. ఆకలి పెడితే ఆల్గే పెరగడం ఆపి, పట్టిన వెలుగును నూనెగా దాచుకుంటుంది. పెరుగుదల కావాలా, నూనె కావాలా అన్న బేరం ఆ రెండు స్లైడుల్లో ఉంది. ఆవిడ ఆ తర్వాత రెండు కల్చర్ల పొడి బరువులు కూడా చూపించింది. నూనె ఎక్కువున్న కల్చర్ బరువు తక్కువ.

నూనె తీయడం, డీజిల్‌గా మార్చడం గురించి ఒక మాట ముందే తెలుసుకుని వెళ్లండి. ఆల్గే నుంచి తీసిన నూనెతో మీరు డబ్బా నింపుకుని రాలేరు. హెక్సేన్ అనే ద్రావకంతో, సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో తీసిన నూనె ఒక చిన్న సీసా అడుగున ఉంది, పత్రహరితం వల్ల నల్లటి ఆకుపచ్చ రంగులో. నూనెలో మిథనాల్, కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) కలిపి 60 డిగ్రీల దగ్గర చేసే అసలు చర్యను మా చేత వాడిన వంటనూనెతో చేయించారు. తడ కుర్రాడు దీనికి కొంచెం నిరాశపడ్డాడు. నాకైతే సబబుగానే అనిపించింది. ట్రైగ్లిజరైడ్, అంటే నూనెలోని అసలు కొవ్వు, బజ్జీల మూకుడులోంచి వచ్చినా, ఆల్గే కణంలోంచి వచ్చినా మిథనాల్‌తో చేసే చర్య ఒకటే, చేతికి పని అలవాటు కావాలంటే చాలినంత నూనె కావాలి. ముందు టైట్రేషన్ చేసి ఆమ్లం ఎంతుందో చూడడం, దాన్నిబట్టి కేఓహెచ్ తూయడం, సెపరేటింగ్ ఫనెల్‌లో గ్లిజరిన్ కిందికి దిగి పైన లేత బంగారు రంగు పొర తేలడం, గోరువెచ్చటి నీళ్లతో కడగడం, అన్నీ మేమే చేశాం. చివర్లో చేయించిన పరీక్ష చాలా సులువైనది, ఎవరైనా చేసుకోవచ్చు. 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ వేస్తే అంతా కలిసిపోవాలి. అడుగున నూనె చుక్క మిగిలితే చర్య పూర్తి కాలేదన్నమాట. ఎంఎస్సీ పిల్లలది మిగిలింది, చిన్నాయనది మిగల్లేదు. అమ్మకానికి పనికిరావాలంటే బయోడీజిల్‌కు మన దేశం పెట్టిన ఐఎస్ 15607 ప్రమాణంలోని పరీక్షలన్నీ దాటాలి, అవి ఇంత చిన్న ల్యాబులో కుదరవని వాళ్లే చెప్పారు.

హ్యాచరీ మనిషిగా నాకు బాగా పనికొచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. నానోక్లోరోప్సిస్‌ని మేం ఇష్టపడేది అందులోని ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వు కోసం. అది పిల్లకు బలం. అదే ఈపీఏ డీజిల్‌లోకి వెళ్తే చెడు చేస్తుంది. అన్ని డబుల్ బాండ్లున్న కొవ్వు గాలి తగిలి త్వరగా పాడవుతుంది, జిగురు కడుతుంది. అందుకే యూరప్ ప్రమాణంలో, కొవ్వులో డబుల్ బాండ్లు ఎంత ఎక్కువో చెప్పే అయోడిన్ విలువకు 120 అని హద్దు పెట్టారు. మేతకు మేలైన రకం ఇంధనానికి మేలైన రకం కాదని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. స్పిరులినా సంగతి కూడా ఇలాంటిదే. దాంట్లో మాంసకృత్తులు మెండు, నూనె బాగా తక్కువ. స్పిరులినా పెంచి డీజిల్ తీస్తామని ఎవరైనా అంటే అక్కడే ఆపేయొచ్చు.

పెద్ద పెద్దవాళ్లు ఇందులో ఎంత శ్రమపడ్డారో కూడా దాచకుండా చెప్పారు. అమెరికా ఇంధన శాఖ 1978 నుంచి 1996 దాకా ఆక్వాటిక్ స్పీసీస్ ప్రోగ్రామ్ పేరుతో సుమారు 2.5 కోట్ల డాలర్లు పెట్టి, 3 వేలకు పైగా రకాలు సేకరించి, న్యూమెక్సికోలోని రోస్‌వెల్‌లో వెయ్యి చదరపు మీటర్ల గుంటలు నడిపింది. ఒక్కో రోజు చదరపు మీటరుకు 50 గ్రాముల దాకా వచ్చింది, కానీ చలికి ఆ దిగుబడి నిలకడగా నిలవలేదు. చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ 2009లో జన్యు శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ సంస్థతో కలిసి దిగి 2023లో తప్పుకుంది. మన దేశంలో భావనగర్‌లోని ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ సీఎస్ఎంసీఆర్ఐ శాస్త్రవేత్తలు 2012లో ఆల్గే బయోడీజిల్ 20 శాతం కలిపిన ఇంధనంతో కారు నడిపి చూపించారు. అంటే డీజిల్ అవుతుందా అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడో దొరికింది. ఎంత ఖర్చుకు అవుతుందన్నదే ఇంకా తేలలేదు. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టుకుంది, ఆ లక్ష్యానికి వాడిన వంటనూనె, చెట్ల నూనెలే ఇప్పటికి దగ్గరి దారి అని ఇంజనీరు గారి అభిప్రాయం. నాదీ అదే.

ఇప్పుడు నచ్చనివి. కల్చర్ పడిపోవడం గురించి పట్టుమని పది నిమిషాలు కూడా మాట్లాడలేదు. బయటి గుంట అన్నాక ఆల్గేని తినే రోటిఫర్లు, సీలియేట్లు అనే సూక్ష్మజీవులు వస్తాయి, చిక్కటి క్లోరెల్లా గుంటను రోజుల్లో తాగేస్తాయి. మంచి కల్చర్‌ని ఎలా కాపాడుకోవాలి, స్లాంటు (విత్తనపు ఆల్గే దాచే గాజు గొట్టం) నుంచి ఫ్లాస్కుకు, ఫ్లాస్కు నుంచి కార్బాయ్‌కు, అక్కడి నుంచి ట్యాంకుకు ఎలా పెంచుకుంటూ పోవాలి, నీళ్లకు క్లోరిన్ కొట్టి థయోసల్ఫేట్‌తో ఎలా తీసేయాలి, ఇవన్నీ లేకుండా కొత్తవాళ్లు ఇంటికెళ్లి మొదలుపెడితే మొదటి నెలలోనే దెబ్బతింటారు. నేను విరామంలో ఆ మాట అడిగితే ఆవిడ ఒప్పుకుంది. నీళ్ల లెక్క కూడా పెట్టలేదు. ఎండకు రోజుకు 5 మిల్లీమీటర్లే ఆవిరైనా ఎకరానికి 20 వేల లీటర్లు. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ఊళ్లో, మా కండలేరు నుంచి వచ్చే నీళ్లు తాగే ఊళ్లో ఈ లెక్క తప్పకుండా చెప్పాలి. సముద్రపు నీళ్లు వాడినా ఆవిరైనకొద్దీ ఉప్పు పెరుగుతుంది, ఐప్పసి (అక్టోబరు, నవంబరు) వానలకు ఒక్క రాత్రిలో పడిపోతుంది. ఏ ఆల్గేకైనా ఆ ఊపు తట్టుకోవడం కష్టం.

భద్రత విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. మిథనాల్ విషం, ఆవిరి పీల్చినా ఒంటికి తగిలినా ప్రమాదమే, కళ్లు పోతాయి. హెక్సేన్ నిప్పురవ్వకు అంటుకుంటుంది. మేం పనిచేసిన గదిలో ఉన్నది ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్, రెండు కిటికీలు. రక్షణ కళ్లద్దాలు అందరికీ చాలలేదు, వంతులు వేసుకున్నాం. అడిగితే తర్వాతి బ్యాచ్‌కి కొంటామన్నారు. మీరు వెళ్తే మీ కళ్లద్దాలు, నైట్రైల్ గ్లవుజులు మీరే తీసుకెళ్లండి, కాటన్ బట్టలే వేసుకోండి. చేతికిచ్చిన నోట్సు మొత్తం ఇంగ్లిషులో ఉంది. రైతులకు తమిళంలో, తెలుగులో రెండు పేజీలు రాసిస్తే ఎంతో మేలు. తెలుగులో నేను రాసిస్తానని చెప్పి వచ్చాను.

చిన్నాయన ఆ ల్యాప్‌టాప్ మనిషికి ఫోన్ చేసి, మీ గుంటలో లీటరుకు ఎన్ని గ్రాములు వస్తుంది, ఏ పద్ధతిలో ఆరబెడతారు అని రెండే ప్రశ్నలు అడిగాడు. చూసి చెప్తానని అతను పెట్టేశాడు, మళ్లీ ఫోన్ రాలేదు. గుంటలు గుంటలుగానే ఉన్నాయి, డబ్బు బ్యాంకులోనే ఉంది.

అలాగని ఆయన ఆల్గేని వదల్లేదు, నేనూ వదలనివ్వను. శిక్షణలో వచ్చిన ఒక లెక్క మా ఇద్దరి బుర్రల్లో తిరుగుతోంది. ఒక లీటరు నూనె కావాలంటే నాలుగున్నర కిలోల ఆల్గే పండాలి, దానికి నైట్రోజన్ దాదాపు 300 గ్రాములు, యూరియాగా కొంటే 650 గ్రాములు. ఆ నైట్రోజన్‌ని రొయ్యల గుంటల నుంచి మనం రోజూ కాలవల్లోకి వదిలేస్తున్నాం. మేతలోని మాంసకృత్తుల్లో పెద్ద వాటా అమ్మోనియాగా నీళ్లలోకే పోతుంది. ఆ నీళ్లను కాలవలోకి వదిలే ముందు ఒక గుంటలో ఆపి ఆల్గే పండిస్తే నీళ్లు శుభ్రపడతాయి, ఎరువు కొనక్కర్లేదు. వచ్చిన ముద్దను ముందు హ్యాచరీలకు, ఆర్టీమియా (రొయ్య పిల్లలకు మేతగా వేసే చిన్న జీవి) పెంచేవాళ్లకు ఇవ్వొచ్చు. డీజిల్ కంటే వాళ్లిచ్చే ధరే మేలు. ఇంధనం వంతు ఆ తర్వాత. నా నమ్మకం ఏమిటంటే, మన తీరంలో ఆల్గే డీజిల్ ఎప్పుడైనా నిలబడితే ఇలా మురుగునీటి శుద్ధి పక్కనే నిలబడుతుంది. ల్యాబు వాళ్లు ఈ సంగతి మీద విడిగా ఒక పూట పాఠం పెట్టాలి. చెన్నైలోనే శాంథోమ్‌లో ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ సీబా ఉంది, ముట్టుకాడులో వాళ్ల క్షేత్రం ఉంది, అక్కడివాళ్లను ఒక గంట పిలిపించినా రొయ్య రైతులకు ఎంతో ఉపయోగం.

ఆక్వా రైతులు, హ్యాచరీ టెక్నీషియన్లు, కెమిస్ట్రీ చదివే పిల్లలు, ఆల్గే వ్యాపారంలో డబ్బు పెట్టాలనుకునేవాళ్లు నిశ్చింతగా వెళ్లొచ్చు, 6,500కి తగ్గ పని ఉంది. ఇంట్లో డీజిల్ చేసుకుని బండికి పోసుకుందామనుకునేవాళ్లకు ఇది సరిపడదు. భోజనం సాంబారు, కూటు, పెరుగు, బాగానే ఉంది. నెల్లూరు వైపు నుంచి బస్సులో వస్తే మాధవరంలో దింపుతారు, అక్కడి నుంచి ఊరంతా దాటాలి. రైల్లో సెంట్రల్‌కి వచ్చి, ఎదురుగా పార్క్‌టౌన్‌లో ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలు ఎక్కి తిరువాన్మియూర్‌లో దిగితే ఆటోకి దగ్గర. వచ్చేటప్పుడు మీ గుంట నీళ్లు ఒక లీటరు శుభ్రమైన సీసాలో, ఐస్‌లో పెట్టి తెచ్చుకోండి. ఆవిడ అమ్మోనియా, నైట్రేట్ చూసి, అందులో ఎంత ఆల్గే పండుతుందో కూర్చుని లెక్కవేసి చెప్తుంది, దానికి విడిగా డబ్బు తీసుకోదు. తర్వాతి బ్యాచ్ సంక్రాంతి సెలవులు అయ్యాక అన్నారు.